భువన పారించిన ఏరు

పత్తికొండలో జిరాక్సు అంగడి నడిపే భువనకు ఒక పిచ్చి ఉంది. గిరాకీ లేనప్పుడల్లా కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ తెరిచి, లేని దేశానికి పటాలు గీస్తుంది. రంగులూ బొమ్మలూ ఏమీ ఉండవు, అన్నీ కీబోర్డు మీది గుర్తులే. టోపీ గుర్తులు కొండలు, చుక్కలు ఇసుక, మెలికల గీతలు ఏర్లు. సీమలో పుట్టిన పిల్ల కదా, ఇసుకను పిసినారిగా చల్లి ఏర్లను మాత్రం ధారాళంగా పారించింది.

ఒక బుధవారం రైతు నరసన్న తన పాసుపుస్తకం జిరాక్సు తీయించుకుని పోయాడు. భువన అచ్చు తీసి ప్రింటరులోనే వదిలేసిన పటం కూడా ఆయన కాగితాల్లో కలిసి పోయింది. మధ్యాహ్నానికి ఆయన పరుగున తిరిగొచ్చాడు.

"ఏం పాపా, నా చేని పటం పెట్టి ఒక మాటన్నా చెప్పకపోతివే! ఇదో కొండ, ఇదో కొండ కింద నా చేను, నడుమ నీళ్లు! సాయంత్రం బోరు లారీని రమ్మని చెప్పినా."

భువనకు ఆయన సంగతి తెలుసు. ఆ చేలో ఇప్పటికే రెండు బోర్లు దుమ్ము కక్కాయి. మూడోదీ ఎండితే చేను అమ్ముకోవడమే.

"పెద్దనాయనా, అది ఉత్తుత్తి దేశం. నేనే కల్పించినా."

"అరచేతిలో టెంకాయ నిలబడింది, ఈడ నీళ్లుండాయని రెండుసార్లు బోరు వేయించిన ఆయప్ప గూడా కల్పించినోడే. నీదన్నా కాగితం మీద అచ్చయి వచ్చింది."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. భువన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తెర చూపిస్తూ ఏరంతా చెరిపేసింది. నీళ్లున్న చోటల్లా చుక్కలు పెట్టింది.

నరసన్న తెర మీదికి వంగాడు. "ఒక్క వేలితో ఎండగొడితివే" అని, ఫోను తీసి లారీని వద్దన్నాడు. భువనకు ఊరట కలిగింది, ఏడుపూ వచ్చింది.

గడప దాకా పోయి ఆయన ఆగాడు. "బోరు లేకపోతే పాయె పాపా. ఆ యేరు మాత్రం మళ్లా పెట్టు. యాడో ఒకచోట నా చేనికి నీళ్లు పారనీ."

పెట్టింది. పక్కన నాలుగు వరిమళ్లు కూడా వేసి, అచ్చు తీసి ఇచ్చింది.

ఇప్పుడు వారం వారం సంతకొచ్చినప్పుడు నరసన్న అంగడిలోకి తొంగి చూస్తాడు.

"నీళ్లెట్లుండాయి పాపా?"

"నిండుగా పారతాండాయి పెద్దనాయనా."

తృప్తిగా తలూపి పోతాడు. పోయిన వారం మాత్రం రొప్పుతూ వచ్చాడు.

"పాపా, పై చేని హులిగెమ్మ ఆ పటం చూసింది. తన చేనికి కాలవ గీయించుకునేదానికి నీకాడికే వస్తాంది. ఒప్పుకోవద్దు తల్లీ, కింద నా వరి ఎండిపోతాది!"