గంప కింద నౌరంగి

చాంద్రి గంప ఎత్తగానే నౌరంగి పిట్ట మూలకు గెంతింది. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు తన పెళ్ళినాటి అద్దాల రైక గుర్తొచ్చేది. వీపు ఆకుపచ్చ, భుజాన మెరిసే నీలం, ఛాతీ పసుపు, కంటి మీదుగా కాటుక గీత, పొట్టి తోక కింద ఎరుపు. కిందటి దసరా ముందు రెక్క విరిగి గట్టున పడి ఉంటే ఒడిలో వేసుకొచ్చింది. పుట్ట తవ్వి చెదపురుగులు పెట్టి బతికించింది. రెక్క మాత్రం అతుక్కోలేదు. ఎగరలేనిదాన్ని పిల్లికి వదలలేక ఇంట్లోనే దాచుకుంది. చలికాలమంతా అది నోరు విప్పలేదు.

ఆ తెల్లవారుజామున మాత్రం తల వెనక్కి వాల్చి రెండు ఈలలు వేసింది.

బాన్సువాడ అవతల, అడవి అంచున ఉన్న ఆ తండా అంతా ఆ కూత కోసమే చెవులు రిక్కించుకుని ఉంది. నౌరంగి ఏటా వానను వెంటబెట్టుకుని అడవికి వస్తుందని వాళ్ళ నమ్మకం. అది కూసిందంటే పొడి దుక్కిలోనే జొన్న చల్లేస్తారు. పందొమ్మిది వందల డెబ్బై రెండు నాటికి సరైన వాన చూసి రెండేళ్ళయింది. కడుపు మాడినా ముట్టకుండా ఇంటింటా కుండలో దాచినవి విత్తనపు గింజలే.

బయట తండా పెద్ద జేత్యా గొంతు వినిపించింది. "కూసింది, విన్నరా? ఇగ ఏంది చూసుడు? కుండలు దించుండ్రి!"

"నీ గురక ఆగినంకనే కద కాకా మాకు ఇనొచ్చింది," అంది ఆ తండాలోనే పుట్టిన పక్కింటి జమ్లి.

జనం నవ్వారు. తండాలో నవ్వు వినపడి చాలా కాలమైంది.

చాంద్రి గుమ్మం వైపు కదిలింది. "యాడీ, కూసింది మన పిట్టేనని చెప్తనే," అంది అత్తతో.

అత్త దేవీబాయి ఆమె చేయి పట్టుకుంది. "నోరు మూసుకో పిల్లా. వానను గంప కింద మూసిందంటరు. తండాల ఉండనిస్తరా?"

"వాన రాక గింజలు చీమలు తింటే తండనే ఉండది గదా?"

 ముసలామె చేయి వదల్లేదు. చాంద్రే విడిపించుకుంది.

కోడళ్ళు పెద్దల ముందు నోరెత్తని తండా అది. చాంద్రి కొంగు మొహం మీదికి లాక్కుని, పిట్టను రెండు చేతుల్లో పట్టుకుని జేత్యా ముందు నిలబడింది.

"కాకా, కూసింది ఇదే. అడివిలకెళ్ళి రాలె. దసరా ముంగటి నుంచి మా ఇంట్లనే ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. జేత్యా పిట్టను చూశాడు, తర్వాత ఆకాశాన్ని చూశాడు. ఎక్కడా మబ్బు తునక లేదు.

"కుండలు లోపట పెట్టుండ్రి," అన్నాడు. ఆమె వంక చూడకుండానే, "పిట్టను ఇంట్ల బంధిస్తె వాన ఎట్లొస్తది? అడివిల ఇడిచి రాపో. వానొచ్చేదాంక మీ ఇంటి నిప్పు ఎవ్వలం ముట్టం," అన్నాడు.

రోజూ నిప్పుకు వచ్చే జమ్లి మొహం తిప్పుకుంది.

మోడువారిన అడవిలో దగ్గరగా నీడ ఉన్నది ఎండిన వాగు ఒడ్డున ఒక్క పొద దగ్గరే. చాంద్రి పిట్టను అక్కడ దించింది. అది తోక ఆడిస్తూ, ముక్కుతో ఎండుటాకులు తిరగేస్తూ గెంతింది. నక్క వస్తుందేమోనని ఆమె కదల్లేదు. పొద్దు వాలుతుండగా పిట్ట తల వెనక్కి వాల్చింది. రెండు ఈలలు. మళ్ళీ రెండు.

ఈసారి కూత అడవిలోంచే వెళ్ళింది. పొద్దున విడిచిన పిట్టే కూసిందని తండాలో తెలియదా? తెలుసు. అయినా రెండేళ్ళుగా ఆ కూత కోసం కాచుకున్న చెవులవి.

తండా వైపు నుంచి "కుండలు దించుండ్రి" అన్న కేకలు, వాటి వెనకే నవ్వులు వినిపించాయి.

పొద్దున తను చెప్తే నమ్మారు. ఇప్పుడు తన మాట ఎవరు వింటారు? చాంద్రి మొహం మీది కొంగు తీసేసి, ముళ్ళూ రాళ్ళూ చూడకుండా తండా వైపు పరుగెత్తింది.