కోరం కోసం ఒక కుర్చీ

చికెన్ ఓవెన్‌లో పెడుతుంటే గ్రాంట్ ఫోన్ చేశాడు. "లోర్నా, ఒక మనిషి తక్కువయ్యాడు. వచ్చి మీటింగులో కూర్చో. అరగంటలో వదిలేస్తా." ఓవెన్ ఆపేసి బూట్లు వేసుకున్నాను. మంచు తీసే బండి ఇంకా మా వీధికి రాలేదు.

గ్రాంట్ నా భర్త. బిజినెస్ స్కూల్లో ఎంబీఏ రెండో సంవత్సరం, విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. సంఘం కౌన్సిల్‌లో పదిహేను కుర్చీలు. పద్నాలుగు విద్యార్థులవి. మిగిలిన ఒక్కటీ విద్యార్థుల భార్యలకీ భర్తలకీ కలిపి ఇచ్చారు. ఈ ఏడు అది నాది. ఆ కుర్చీలో ఉన్నవాళ్ళు మాట్లాడొచ్చు, ఓటు వేయకూడదు. కోరం లెక్కలో మాత్రం వాళ్ళూ ఒక మనిషే. ఎనిమిదిమంది లేకపోతే తీర్మానం చెల్లదు. ఫిబ్రవరిలో సగంమంది ఉద్యోగాల ఇంటర్వ్యూలకని న్యూయార్క్ వెళ్ళిపోతారు. అందుకే ఫిబ్రవరిలో నేను అందరికీ గుర్తొస్తాను.

ఇక్కడికి రాకముందు మినెసోటాలో నేను జిల్లా ఆఫీసులో సర్వేయర్‌ని. ఇక్కడ సీటొచ్చిన రోజు గ్రాంట్ "మనకి సీటొచ్చింది" అన్నాడు. ఆ 'మన' మీదే రెండేళ్ళుగా బతుకుతున్నాను. ఈ రాష్ట్రంలో నా లైసెన్సు చెల్లదు, పరీక్ష మళ్ళీ రాయాలి. "రెండేళ్ళే కదా, ఎందుకంత హైరానా" అన్నాడు. "వాడికిప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉండాలమ్మా" అంది వాళ్ళమ్మ ఫోన్లో. ఎన్నికలప్పుడు అతని ప్రసంగం దిద్దాను. విద్యార్థి క్లబ్బుల నాయకుల్ని వంతులవారీగా భోజనానికి పిలిచాను. గెలిచాక అందరికీ థాంక్స్ చెబుతూ "వండిపెట్టిన లోర్నాకి కూడా" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పగలంతా మాట్లాడే మనిషే ఉండేవాడు కాదు. మందుల షాపులో అమ్మాయి "ఇంకేమైనా కావాలా" అంటే, ఆ మాట కోసం ఏదో ఒకటి అడిగేదాన్ని. అప్పుడు దొరికింది స్కూలు కింది అంతస్తులో బిల్డింగుని వెచ్చగా ఉంచే బాయిలర్ పక్కనున్న గది. సంఘం దాన్ని నాలాంటి విద్యార్థుల భార్యలకి వాడుకోమని ఇచ్చింది. చలికాలం పిల్లల్నేసుకుని నలుగురైదుగురు అక్కడ చేరతాం. మాలో ఒకామె, బ్రిజిడ్, తన కవలల్ని కార్పెట్ మీద వదిలి, "మా ఆయన్ని ఈ వారంలో చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండే, బతికే ఉన్నాడా?" అంటుంది. నవ్వుకుంటాం. నాకు ఈ ఊళ్ళో ఉన్నది అంతే.

నేను వెళ్ళి కూర్చోగానే కార్యదర్శి టబితా తలలు లెక్కపెట్టింది. "ఎనిమిది. కోరం ఉంది."

గ్రాంట్ తీర్మానం చదివాడు. కింది గదిని ఫైనాన్స్ క్లబ్బుకి, ఇంటర్వ్యూల ప్రాక్టీసుకి ఇచ్చేయాలని. నావైపు చూడలేదు.

"మావాళ్ళు మెట్లమీద కూర్చుని ప్రాక్టీసు చేస్తున్నారు" అన్నాడు ఫైనాన్స్ క్లబ్బు ట్రెవర్.

నేను చెయ్యెత్తాను. "ఈ చలిలో పిల్లలతో మేమెక్కడికి పోవాలి?"

"ఎవరింట్లోనైనా కలవొచ్చుగా. మీ ఇంట్లో పెట్టు లోర్నా, నీ కేకు కోసం నేనూ వస్తా" అన్నాడు ట్రెవర్. అందరూ నవ్వారు. గ్రాంట్ కూడా నవ్వాడు.

"ఇదంతా ఎప్పుడు అనుకున్నారు?"

"ఎన్నికలప్పుడే మాటిచ్చాను" అన్నాడు గ్రాంట్. "మనింట్లోనే, భోజనాల దగ్గర. నువ్వక్కడే ఉన్నావుగా."

ఉండే ఉంటాను. ప్లేట్లు తీస్తూ.

"ఆమె అభిప్రాయం మీటింగ్ మినిట్స్‌లో రాశాను" అంది టబితా. "ఓటింగుకి పోదామా?"

నేను లేచాను. బాత్రూముకనుకున్నారు. తలుపు దగ్గర నా కోటు తీసుకునేసరికి టబితా తల ఎత్తింది. "గ్రాంట్, ఆమె వెళ్తే మనం ఏడుగురమే."

వచ్చేవారం న్యూయార్క్ నుంచి అందరూ తిరిగొస్తారు, గది పోతుంది. అది తెలుసు. ఈ వారం పోదు.

"లోర్నా! లోర్నా, ఆగు!" వరండాలోకి వచ్చేశాడు గ్రాంట్. ఊపిరి అందడం లేదు. "రెండు నిమిషాలు. ఊరికే కూర్చో చాలు, నువ్వేం చేయక్కర్లేదు."

నా పేరు పిలుస్తూ అతను నా వెనక పరిగెత్తడం, ఈ ఊరు వచ్చాక అదే మొదటిసారి. కోరం కోసం వచ్చాడు.

నేను మెట్లు దిగాను.