గోడవైపు బల్ల

మా కొట్లో ప్రభుత్వం రోజుకు రెండుసార్లు పడిపోతుంది. పొద్దున టీకి ఒకసారి, సాయంత్రం టీకి ఒకసారి. పడగొట్టేది మాస్టారు, లేపి నిలబెట్టేది పక్క కొట్టు డిస్కౌంటు. నేను ఎవరిదో ఒక మిక్సీ పొట్ట విప్పుకుని కూర్చుని ఇద్దర్నీ తిడుతుంటాను. ఏళ్ళ తరబడి ఇదే తంతు. నోళ్ళు నొప్పిపుట్టాయి గానీ లోకంలో ఒక్క మర బిగిసిన పాపాన పోలేదు.

మాస్టారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఇంట్లో పేపరు కోడలి చేతిలోంచి రాదని మా కొట్టుకొచ్చి మా పేపరు చదువుకుంటారు. ఆయన లెక్కలో ఏ రోగానికైనా మందు ఒకటే, చట్టం. డిస్కౌంటు సెల్‌ఫోన్లు అమ్ముతాడు. ఏడాది పొడుగునా అతని బోర్డు మీద ఆ మాట ఉంటుంది కాబట్టి ఆ పేరు. నలభై దాటినా నన్ను బాబాయ్ అనే పిలుస్తాడు. అతని లెక్కలో ఏ రోగానికీ మందు అక్కర్లేదు, నచ్చితే కొనుక్కోవాలి, నచ్చకపోతే మానుకోవాలి. అంతే.

ఇక మా ఆవిడ. కొట్టు ముందు భాగంలో కౌంటరు దగ్గర ఎత్తు స్టూలు ఆవిడది. వెనక గోడకు ఆనించిన బల్ల నాది. గోడకు మేకులు, మేకులకు పనిముట్లు, పైన ట్యూబులైటు. అంటే పొద్దస్తమానం నా మొహం గోడకు, నా వీపు మా ఆవిడకు. పెళ్ళయిన రెండో ఏడు నుంచీ ఇదే అమరిక.

మా పనిలో సగం ఆవిడ చెవుల్లో ఉండేది. ఎవరైనా పాడైన వస్తువు తెస్తే, ఏమైందని అడిగి ఊరుకునేది కాదు. "ఎలా మోగుతోందమ్మా? మొదట ఎలా, ఆగిపోయే ముందు ఎలా?" అని గుచ్చిగుచ్చి అడిగేది. అదంతా చీటీ మీద రాసి దారంతో వస్తువుకు కట్టేది. తర్వాత నాకు ఆ చప్పుడు నోటితో చేసి వినిపించేది. "ఇదిగోండి, ముందు గుర్ర్‌మని లేచి, ఆనక కిచకిచమని ఆగిపోతోందట." అచ్చం మిక్సీయే. నేను వెనక్కి తిరక్కుండానే, "కార్బన్లు అరిగాయి, రేపు రమ్మను" అనేవాణ్ణి. వెనక్కి తిరక్కపోవడం నా గొప్పతనమని కూడా అనుకునేవాణ్ణి. వెధవ గొప్ప.

ఏడెనిమిదేళ్ళ కిందట ఆ చెవులు మందగించాయి. మొదట ఒక పాత రకం మిషను వాడింది. రవిక మీద డబ్బీ, చెవిదాకా తీగ. తొమ్మిదిసార్లు చెడింది, తొమ్మిదిసార్లూ నేనే బాగుచేశాను. తర్వాత డిస్కౌంటు కొత్తది తెప్పించాడు. చిక్కుడుగింజంత ఉంటుంది, చెవి వెనక దాక్కుంటుంది, సర్దుబాట్లన్నీ ఫోన్లోంచే. ఫోన్లో పొడుగాటి షరతుల కాగితం వస్తే, 'అంగీకరిస్తున్నాను' అన్న బొత్తాన్ని ఆవిడ తరఫున డిస్కౌంటే నొక్కేశాడు. చదివిన వాళ్ళెవరూ లేరు.

అబద్ధమెందుకు, అది మంచి మిషను. పెట్టుకున్న పూటే వంటింట్లోంచి, "కొళాయి కారుతోందండీ, ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది. ఏడాది నుంచి కారుతోంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషంలోనే పాత మిషన్ని విప్పి పారేశాను. పనికిరాని వస్తువును ఆ పూటే విప్పి, మరలు ఒక సీసాలో, తీగలు ఒక సీసాలో సర్దెయ్యాలని నాకు పని నేర్పినాయన పెట్టిన అలవాటు. "ఉంచండి, ఎందుకైనా మంచిది" అని మా ఆవిడ అంది. విన్నానా? దాని లోపలి బుల్లి స్పీకరు ఎవరింటి కాలింగ్ బెల్లులోకో పోయింది.

రెండేళ్ళు బాగానే గడిచాయి. పోయిన నెల ఆవిడ ఫోనుకు కంపెనీ వాళ్ళ కబురొచ్చింది. మీ మోడలుకు మా సేవలు ముగిశాయి అని. ఆ పూట నుంచి మిషను గొంతు అట్టడుగుకు పడిపోయి, మళ్ళీ లేవలేదు. మిషన్లో ఏ జబ్బూ లేదు. దూరాన ఎవడో కూర్చుని దాన్ని పెంచే తాళంచెవి తీసేసుకున్నాడు. కబురు చివర ఇంకో ముక్క ఉంది. ముప్ఫై రోజుల్లోగా, విప్పకుండా తెచ్చిచ్చిన వాళ్ళకు కొత్త మోడలు ఇస్తామని. ఆవిడే నాకు చూపించి, "రేపు వెళ్ళి ఇచ్చేసి రండి" అంది.

విప్పకుండా! ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో ఉన్న వస్తువును నేను విప్పకూడదా? ఆ మధ్యాహ్నం ఆవిడ లోపల కునుకు తీస్తోంది. మిషను బల్ల మీద ఉంది. చేతులు ఊరుకోలేదు, అంతకంటే చెప్పుకోడానికి ఏమీ లేదు. కళ్ళద్దాల మరలు తిప్పే చిన్న స్క్రూడ్రైవరుతో విప్పాను. లోపల ఏముంది? నల్లటి జిగురు ముద్ద. బాగుచెయ్యడానికి ఒక తీగైనా లేదు. మూసేటప్పుడు ఏదో పలచటి పొర చిటుక్కుమంది. ఆ చిటుకు మాత్రం నాకు బాగా వినబడింది.

మర్నాడు సర్వీసు సెంటరుకు పోయాను. కౌంటరులో అమ్మాయి భూతద్దం పెట్టి చూసి, "సీలు పోయింది సార్. విప్పారు కదా?" అంది.

"నేను మెకానిక్కునమ్మా."

"తెలుస్తోంది సార్." వెటకారం కాదు. ఆ పిల్ల మొహంలో నాకున్నంత అలసట ఉంది. "విప్పితే ఇవ్వకూడదని రూలు. నా చేతిలో ఏం లేదు."

ఇంటికొచ్చి నేనేం చెప్పాను? కంపెనీ వాళ్ళు మాట తప్పారని చెప్పాను. ఇస్తామన్నది ఒట్టి కోతలని, వెళ్తే పొమ్మన్నారని. మా ఆవిడ నా మొహంలోకి చూస్తూ మొత్తం విన్నది. సరేనని తలూపి, నా చేతిలోంచి చెవి మిషను తీసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి కుంకుమభరిణంత డబ్బాలో పెట్టుకుంది. ఇంకొకటి కొనే శక్తి ఈ ఏడు మాకు లేదని ఇద్దరికీ తెలుసు.

ఇక చూడండి, కొట్లో రణరంగం.

"పదేళ్ళు విడిభాగాలివ్వాలి, తాళాలు తీసివ్వాలి, ఇవ్వని కంపెనీని మూయించాలి. ప్రభుత్వం గుర్రుపెట్టి నిద్రపోతోంది!" అని మాస్టారు పేపరు మడిచి బల్ల మీద కొడతారు.

"అలాంటి చట్టం తెస్తే కొత్త మోడళ్ళు మన మొహాన రావు మాస్టారూ. వచ్చినవి కొనలేం. నచ్చకపోతే కొనద్దు, ఎవరైనా పీక మీద కూర్చున్నారా?" అంటాడు డిస్కౌంటు.

"నచ్చిందిరా! నచ్చే కొన్నాను. నచ్చిన వస్తువును నచ్చినన్నాళ్ళు వాడుకోనివ్వరేం అనేదే నా ఏడుపు!" అని నేను గోడకేసి అరుస్తాను.

"షరతులకు ఒప్పుకున్నారు కదా బాబాయ్."

"ఒప్పుకున్నది నువ్వు. నీ బొటనవేలు!"

మూడు వారాలు ఇదే వాగుడు. ముగ్గురం మొగాళ్ళం, మూడు గ్లాసుల టీ, ఆవిడ చెవుల గురించి ఆవిడ తల మీదుగా. ఆవిడ మాత్రం స్టూలు మీద కూర్చుని వీధిలోకి చూసేది. చీటీలు మారిపోయాయి. కొన్నాళ్ళు గట్టిగా చెప్పమని అడిగింది. ఒకావిడ వీధంతా వినబడేలా అరిచి, విసుక్కుని పోయింది. ఆ తర్వాత చీటీ, పెన్సిలూ వచ్చిన వాళ్ళ ముందుకే తోసేసేది. వాళ్ళేం రాస్తారు? 'పని చెయ్యట్లేదు.' ఏ వస్తువు చూసినా అదే ముక్క. పని చేస్తే మా దగ్గరికెందుకు తెస్తారు! ఇదివరకు పావుగంటలో అయ్యే పనికి పూట పట్టేది. ఆ పూటంతా నా వెనక చప్పుడు లేదు. అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు.

మాస్టారు ఊరుకునే రకం కాదు. నాతో ఒక్క మాట అనకుండా, కంపెనీ మాట తప్పిందని వినియోగదారుల ఆఫీసుకు ఏడు పేజీల అర్జీ పంపారు. పంపి పది రోజులైందో లేదో, ఒక అధికారి కొట్టు మెట్లెక్కింది. ముప్ఫై ఏళ్ళుండవు. చేతిలో ఫైలు, కాళ్ళకు దుమ్ము. ఇలాంటి మిషన్ల మీద కొత్త నిబంధన తయారవుతోందని, జనం ఫిర్యాదులు పోగుచేస్తున్నారని చెప్పింది. మాస్టారు పొంగిపోయారు. నేను బల్ల మీదికి ఇంకాస్త వంగాను.

"ఇస్తామని చెప్పి ఇవ్వలేదు. ఇదే కదండీ ఫిర్యాదు?" అంది.

"ముమ్మాటికీ!" అన్నారు మాస్టారు.

"ఇలాంటి నిబంధనలే మా వ్యాపారాన్ని..." అని డిస్కౌంటు అందుకున్నాడు. మాస్టారు లేచారు. ఇద్దరూ కలబడ్డారు. నేను గోడకున్న మేకులు లెక్కపెడుతున్నాను.

ఆ అమ్మాయి కాసేపు విని, "మిషను వాడేది ఎవరు?" అని అడిగింది. ముగ్గురమూ ఒకేసారి వేళ్ళు చూపించాం. కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, పాత ఫ్యాను పెట్టె మీద మా ఆవిడకెదురుగా కూర్చుంది. మొహం మొహానికి తిన్నగా పెట్టి, తొందరపడకుండా అడిగింది.

"అమ్మా, కంపెనీ మీద మీ ఫిర్యాదు ఇది. చదివి, నిజమైతే సంతకం పెట్టండి."

మా ఆవిడ ఏడు పేజీలూ చదివింది. చదివి, కాగితాలు సర్ది వెనక్కిచ్చింది.

"పెట్టనమ్మా."

"అదేంటి వదినా!" అన్నారు మాస్టారు. ఆవిడ అటు చూడలేదు కాబట్టి ఆవిడకు వినబడలేదు.

"ఎందుకమ్మా? నిజం కాదా?"

"నాకు తెలిసింది నేను చెప్పకూడదు. చెప్పాల్సిన వాళ్ళు చెప్పాలి." కళ్ళు ఆ అమ్మాయి పెదాల మీదే ఉంచింది. "నీతో మాట్లాడుతుంటే హాయిగా ఉందమ్మా. నువ్వు ఏమంటున్నావో నాకు మొత్తం తెలుస్తోంది. మూడు వారాలైంది, ఎవరూ నా మొహం చూసి మాట్లాడలేదు."

అది వినగానే నా చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాను. ఇంకా గోడకేసి కూర్చుంటే నేను మనిషినే కాదు. లేచి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన నిలబడ్డాను. మా ఆవిడ కళ్ళలోకి చూసి, పెదాలు బాగా కదిలేలా చెప్పాను.

"నేనే విప్పాను. వాళ్ళు మాట తప్పలేదు. సీలు పోయిందని ఇవ్వలేదు. నీతో అబద్ధమాడాను."

"తెలుసు" అంది.

"ఎలా?"

"మరల తలల మీద గీతలు పడ్డాయి. నలభై ఏళ్ళుగా మీ చేతి గీతలు చూస్తున్నాను."

"మరి అడగలేదేం?"

"మీరు నా వైపు తిరిగి చెప్తారేమోనని చూస్తున్నాను."

మాస్టారు పేపరు తెరిచారు గానీ తలకిందులుగా పట్టుకున్నారు. డిస్కౌంటు గ్లాసులు కడిగే నెపంతో చల్లగా జారుకున్నాడు.

ఆ అధికారి అర్జీని ఫైల్లో పెట్టలేదు. తెల్లకాగితం నా ముందు పెట్టింది. "జరిగింది జరిగినట్టు రాయండి సార్. సొంత వస్తువు విప్పినందుకే ఇవ్వలేదని. మాకు కావలసింది అదే. మాట తప్పారని రాస్తే వాళ్ళ వకీలు ఒక్క నిమిషంలో చింపేసేవాడు" అంది.

అంటే ఆ నిజం కూడా మా పక్షానే ఉండేదన్నమాట. మూడు వారాలు దాన్ని దాచుకుని చచ్చాను. రాశాను. మా ఆవిడ చదివి, కింద సంతకం పెట్టింది. నిబంధన ఎప్పటికొస్తుందని అడిగితే, ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు, రాకనూపోవచ్చు అని చెప్పి, దుమ్ము దులుపుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఒక కొస, డిస్కౌంటు ఒక కొస పట్టుకుంటే బల్లను గోడ నుంచి లాగి కౌంటరు వైపు తిప్పాను. ఇప్పుడు లైటు పని మీద కాక నా కళ్ళలో పడుతోంది. పనిముట్లన్నీ వీపు వెనక. ఏది కావాలన్నా నడుం మెలితిప్పాలి, సాయంత్రానికి ఒళ్ళు హూనం. ప్రభుత్వం మామూలుగానే పొద్దున టీకి పడిపోయింది. కాకపోతే పడగొట్టేటప్పుడు మాస్టారు స్టూలు వైపు తిరిగి, "ఏమంటావు వదినా?" అన్నారు. ఆవిడ అంది, "చట్టం రావాలి, మీ ఇద్దరి అరుపులూ తగ్గాలి. ముందు ఏది జరుగుతుందో చూద్దాం."

పదింటికి ఒకాయన మిక్సీ తెచ్చాడు. ఆవిడ చీటీ తోయలేదు. ప్లగ్గు పెట్టించి, ఆన్ చేయించి, మిక్సీ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆపించి నా వైపు చూసింది. నోటితో ముందు గుర్ర్‌మని, ఆనక కిచకిచమని చప్పుడు చేసింది. తను చేసిన చప్పుడు తనకే వినబడటం లేదు. సరిగ్గా చేశానా అని కళ్ళతో అడుగుతోంది. తలూపి, ఆవిడ వైపే చూస్తూ చెప్పాను, కార్బన్లు అరిగాయి, రేపు రమ్మను అని.