గంజి పెట్టిన కవచము

హేమంతము కడచి శిశిర మడుగిడిన యొకానొక యపరాహ్ణమున హిమవత్పర్వతపాదసీమయందలి సైనికనివేశమునఁ దుషారధవళశిఖరశ్రేణి పాలమీఁగడవలె మెఱయుచుండ దేవదారువృక్షముల నీడలు నిడుపులై సైనికకుటుంబముల కొసఁగఁబడిన యిండ్లవరుసపైఁ బడి ప్రతిద్వారమును దడవి యెవ్వరును దలుపు తీయకుండుటచే ముందునకు సాగిపోవుచుండెను. ఆ వరుసలోఁ గడపటి యింట శ్రీకాకుళమండలమునుండి వచ్చిన నూకరత్నమను నిల్లాలు పెనిమిటి కొండలపైఁ గావలి కాయుచుండఁ బండ్రెండేండ్లుగా నొంటరిగాఁ గాపురము చేయుచుండెను. ఒంటరిగాఁ జేయుదానిని గాపురమనవచ్చునా యని పాఠకులు సంశయింతురేని యామెయు నప్పుడప్పు డట్లే సంశయించుచుండెడిదని మనవి.

ఆమె భర్త హవల్దారు గవరయ్య మితభాషి. పది దినముల సెలవుపై నింటికి వచ్చినపుడు వచ్చితిననియుఁ బోవునపుడు పోయివచ్చెదననియుఁ జెప్పుటతో నాతని మాటల మూట యించుమించుగా ఖాళీ యగుచుండెడిది. అయినను నా పది దినములలో నొకనాఁడు నూకరత్న మాతని సైనికవస్త్రముల నుదికి గంజి పెట్టెడిది. ఉదికిన గుడ్డ యొక కొనను నాతఁడును మఱియొక కొనను నామెయుఁ బట్టి యెదురెదురుగా నిలిచి మెలివెట్టి పిండునపుడు వారి నడుమ నడచు సంభాషణమునకు మాటలతోఁ బనియే యుండెడిది కాదు.

ఆ యేఁడు ప్రభువులు పర్వతాగ్రముల నుండు సైనికులకు నూతనవస్త్రముల నొసఁగిరి. తలవెండ్రుకను వేయి చీలికలుగాఁ జీల్చిన నందలి యొక చీలికకన్నను సూక్ష్మములగు తంతువులతో నేయఁబడిన యా వస్త్రము మాయదు. చిరిగినఁ దనంతఁ దానే యతుకుకొనును. చలిలో వేఁడియు వేసవిలోఁ జలువయు నిచ్చును. గుండు తగిలినచో శిలయై నిలుచును. ధరించినవాని గుండెచప్పుడును మాటయుఁ దనలోనుండియే కార్యస్థానమునకు విన్నవించుచుండును. ఇంతటి గుణసంపన్నురాలు కోడలుగా వచ్చిన నే యత్తయు సహింపఁజాలదు. ఇట్టి వస్త్రమున్నపుడు నలువురేలయని యెంచి పై కావలిగుడిసెలలో నలువురుండుచోట నొక్కనినే యుంచిరి. వస్త్రముతోఁ గూడ నొక కాగితమును వచ్చెను. ఉదుకరాదు ఇస్త్రీ చేయరాదు సూది తగిలింపరాదు పాడుచేసినచో ధరించినవాని పదవి తగ్గింపఁబడును అని యం దన్ని భాషలలోను నుండెను. తన పండ్రెండేండ్ల కొలువును దీసివేసిన యా కాగితమును నూకరత్నము రెండుమాఱులు చదివి మడిచి పోపులపెట్టె క్రిందఁ బెట్టెను.

ఆ సెలవులో దంపతు లిరువురును దొమ్మిది దినములు చేయుట కేమియు లేక యెదురెదురుగాఁ గూర్చుండిరి. పదవనాఁడు గవరయ్య మధ్యాహ్ననిద్రలో నుండఁగా నూకరత్న మా వస్త్రమును బెరటిలోనికిఁ గొనిపోయి గంజిలో ముంచెను. గంజి తామరాకుపై నీటివలె జాఱిపోయెను. మఱల ముంచెను. మఱల జాఱెను. శత్రుసైన్యముల గుండ్లకు లొంగని యా వస్త్రము మూఁడవమాఱు చిక్కఁగాఁ గాఁచిన గంజికిని నామె యఱచేతికిని లొంగిపోయెను. సాయంకాల మది తొడిగికొనుచు గవరయ్య చేయి మడిచి చూచెను.

“ఏటే ఇది, పెళపెళలాడతంది?”

“మీ గవర్నమెంటోరి బట్ట. నాకేటి తెలుసు?”

గవరయ్య యూఁకొట్టి చొక్కాచేతిని నిమిరి చిఱునవ్వు నవ్వి బయలుదేఱెను. ఆ నవ్వుతో నూకరత్నమునకు మూఁడు దినములు గడచెను.

నాలవనాఁటి మధ్యాహ్నమున మేజరు వాసంతి యామె వాకిట నిలిచెను. ఆ నివేశమున నూకరత్నము భాష యెఱిఁగిన దామె యొక్కతెయే. ఆ నూతనవస్త్రముల పర్యవేక్షణమును నామెదియే. చేతిలో నొక పత్రముండెను.

“కూర్చోండి నూకరత్నం గారూ.”

“మా ఇంట్లో మీరు నన్ను కూకోమంటన్నారంటే ఏదో అయిపోనాది. సెప్పీయండి.”

“నిన్న మధ్యాహ్నం నుంచి గవరయ్యగారి బట్టల్లోంచి గుండెచప్పుడు రావట్లేదమ్మా. పిలిస్తే పలకడం లేదు.” ఆమె పత్రమును బల్లపైఁ బెట్టెను. “ఒక పగలూ ఒక రాత్రీ ఆగితే ఇక మనిషి లేడనే లెక్క. మీ సంతకం కావాలి.”

“ఎవులూ ఎల్లి సూడ్లేదా?”

“గాలి పెరుగుతోంది. ఇంకో గంట దాటితే హెలికాప్టరు ఎగరలేదు. బతికున్నాడంటే ఎలాగైనా పంపిస్తారు. లేడనుకుంటే గాలి తగ్గేదాకా ఆగుతారు. నాలుగు రోజులు పట్టొచ్చు.”

నూకరత్నము పత్రమును జూడలేదు. రాఁబోవు మాసమున నాయబుసుబేదారు కావలసినవాఁడు గవరయ్య. నోరు తెఱచినచో నా పదవి పోవును. మూసికొన్నచోఁ దాను జేసినపని యెవరికిని దెలియకుండ మంచుక్రిందఁ బోవును. దానితో నాతఁడును బోవును. ఆమె కొంగు కొస చేతికిఁ జుట్టుకొని యడిగెను.

“ఆ బట్ట సచ్చిపోతే మనిషి సచ్చిపోనట్టేనా అమ్మగారూ?”

“ఆ బట్టకు చావు లేదమ్మా. నిప్పులో పెట్టి చూశాం, వారం రోజులు నీళ్ళలో నానబెట్టాం, తుపాకులతో కాల్చాం. లోపలి మనిషి పోతే తప్ప అది ఊరుకోదు.”

“గంజిలో ముంచినారా?”



“గంజిలోనా? ఎందుకు ముంచుతామమ్మా?”

“నేను ముంచినాను. రెండుసార్లు జారిపోనాది. మూడోసారి రుద్ది రుద్ది పట్టించినాను.”

“ఎంత చిక్కగా?”

“గరిటె నిలబడీటంత.”

సర్వశాస్త్రపారంగతులు పదేండ్లు తలపోసి పెట్టిన పరీక్షలలో గంజియన్నమాట లేకపోవుట మేజరునకు నాఁడు స్ఫురించెను. తంతువుల నడుమ నిమిడిన గంజి మంచుకొండపై గడ్డకట్టి వాని నోళ్ళను మూసియుండును. అట్లైన గుండెచప్పుడును రాదు. వేఁడిమియు రాదు. లోపలి మనిషి బ్రదికియుండి చలిలోఁ గూర్చుండియుండును. ఆమె పత్రమును జింపి జేబులోఁ గ్రుక్కుకొని లేచెను.

“ఆయన తప్పేటీ నేదని రాసుకోండమ్మా. నాదేనని రాసుకోండి.”

“రాసుకునే టైము లేదు!” అని మేజరు టోపీ మఱచి పరుగెత్తెను.

హెలికాప్టరు ధ్వని యింటిపైఁగా బోయి కొండలలోఁ గలిసిపోయెను. పొరుగింటి యిల్లాండ్రు విషయము విని వచ్చి చెంతఁ గూర్చుండిరి. ఒకతె తేనీ రిచ్చెను. ఒకతె వీఁపు నిమిరెను. వారి మాట లామెకుఁ దెలియవు. ఆమె మాటలు వారికిఁ దెలియవు. చీఁకటిపడఁగా వారు పిల్లలకు వండిపెట్టుటకై యొక్కరొక్కరే లేచిపోయిరి.

గవరయ్య బ్రదికియుండెను. కావలిగుడిసెలో వంటపొయ్యి ప్రక్కఁ జేతులు మడువరాని వస్త్రములో మ్రానువలెఁ గూర్చున్నవానిని హెలికాప్టరువారు కూర్చున్నట్లే యెత్తి తెచ్చిరి. కాలివ్రేళ్ళు రెండింటిని మాత్రము మంచు పుచ్చుకొనెను. నాయబుసుబేదారు పదవి వెనుకకుఁ బోయెను. వస్త్రముతో వచ్చు కాగితమున గంజి పెట్టరాదను వాక్యము క్రొత్తగాఁ జేరెను. శత్రురాజ్యముల వేగులవారు దాని గూఢార్థమునకై చాలకాలము శ్రమించియుందురు.

ఎనిమిదవనాఁ డాసుపత్రిలో నూకరత్న మాతని మంచముప్రక్కఁ గూర్చుండెను. అచటి దుప్పటియు నట్టి తంతువులదే. అది తానే వేఁడియగుచుఁ దానే సర్దుకొనుచుండెను. మందును గోడలోని యంత్ర మిచ్చుచుండెను. చేయుట కేమియు లేకుండెను.

“కాలు మానీక మళ్ళీ పైకే పంపుతారట” అని గవరయ్య పలికెను.

“ఒక్కరినేనా?”

“ఒక్కడ్నే.”

 ఆమె చూపు దుప్పటిపై నున్న యాతని చేతిమీఁదఁ బడెను. గోళ్ళు పెరిగియుండెను. ఇంతటి ప్రజ్ఞగల తంతువులలో నొకటియు గోళ్ళు తీయ నేర్వకుండుట యామెకు వింతగాఁ దోఁచెను. నర్సు నడిగి చిన్నకత్తెర తెచ్చి యాతని కుడిచేతిని దన యొడిలోఁ బెట్టుకొనెను. అది ముగియఁగనే యాతఁ డడుగకయే యెడమచేతిని జాఁచి కన్నులు మూసికొనెను.

కాలివ్రేళ్ళు రెండు పోయినవి గావున నామెకు మిగిలినవి పదునెనిమిది గోళ్ళు. వానిని దీయుటకు గడియసేపు చాలును. ఆమె సాయంకాలమువఱకుఁ దీసెను.