కాలవలో కడిగేసిన నల్లమట్టి

మా అల్లుడు జియాలజిస్టు, నేను అతని షెడ్డులో రాళ్లు కడిగేవాణ్ని. డ్రిల్లు భూమిలోంచి లాగిన రాతికడ్డీలను బ్రష్షుతో తోమి, లోతు వరసలో చెక్కపెట్టెల్లో పేర్చాలి. అతనికి నేనంటే గిట్టదు. ఒక బోరు అడుగున ఎవరో తుమ్మితే జలుబు మాత్ర తాడుకు కట్టి దించానని ఒకసారి చెప్పాను. అప్పటినుంచి నేను టైమెంతో చెప్పినా తన గడియారం చూసుకుంటాడు.

యురేనియం కోసం పదమూడు బోర్లు వేశారు. ఉత్త ఎర్ర ఇసుకరాయి. రేడియేషన్ కొలవడానికి బోరులోకి దించే మీటరు రిపేరుకు పోయింది, పెట్టెల్లో కనబడిందే ఆధారం. పధ్నాలుగోది ఆఖరు. మర్నాడు రిగ్గు ఎత్తేస్తారు, నా కొలువూ దాంతోపాటే.

ఆ ఉదయం నీళ్ల పంపు ఆగిపోయింది. కడగని కడ్డీల మధ్య జానెడు నల్లపట్టీ. నొక్కితే పొడి, లోపల కుళ్లి బొగ్గయిన పుల్లలు. చేతిమీటరు ఆనించాను. టకటకా మొత్తుకుంది.

ఆ మట్టి నాకు పాత చుట్టమే. ప్రతి బోరులోనూ వచ్చింది. పెట్టె మురికవుతుందని నీళ్లు కొట్టి కాలవలోకి తోసేసి, ఖాళీ కనబడకుండా ఎర్రముక్కలు దగ్గరకు జరిపేవాణ్ని.

అల్లుణ్ని పిలిచి పెట్టె చూపించాను.

"నీళ్లలో కరిగి తిరిగే యురేనియం, కుళ్లిన చెట్టూ చేమా తగిలిన చోట పేరుకుంటుంది" అన్నాడు. "ఇక్కడేదో దుంగ ఉండి ఉంటుంది. ఒక్క దుంగ కోసం రిగ్గు ఆపరు మావయ్యా."

నోరు మూసుకుంటే పరువైనా దక్కేది.

"పదమూడింటిలోనూ ఉంది అల్లుడుగారూ. నేనే కడిగేశాను."

అతను మీటరు తీసుకెళ్లి కాలవ బురదలో ఆనించాడు. అది ఆగకుండా కొట్టుకుంది.

"మీ అమ్మాయి ఏడ్చిందని మీకీ పని ఇప్పించాను. నాదే బుద్ధితక్కువ."

"దాని ఏడుపులో సగం మీ వాటా."

నావైపు చూడకుండానే ఫోన్ తీశాడు. "రిగ్గు కదపకండి. పాత బోర్ల పక్కనే మళ్లీ వెయ్యాలి." ఫోన్ పెట్టేసి, "మీరిక రానక్కర్లేదు" అన్నాడు.

గేటువైపు నడిచాను.

"ఆగండి. బూట్లు విప్పి అక్కడ పెట్టండి. వాటికంటిన మట్టి పరీక్షకు పంపాలి."

విప్పాను. కంకర మీద ఒట్టి కాళ్లతో నడుస్తుంటే, వెనక అతను నా బూట్లకు చీటీ అంటిస్తున్నాడు.