ఎనిమిదో ఫ్లాస్కు

ఆరో ఫ్లాస్కులో ఆకుపచ్చ రంగు ఊదాకు తిరిగింది. సూర్యారావు బ్యూరెట్ గాజుగొట్టం కుళాయి కట్టేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మందు ఎంత దిగిందో చూడటానికి గీత ఎత్తుకు తల వంచాడు. 23.30. పుస్తకంలో రాశాడు. పైన ఉన్న ఐదు అంకెలూ అవే.

పక్క బల్ల దగ్గర కీర్తన కూడా ఆరోదే చేస్తోంది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల, చేరి పదకొండు నెలలు. సూర్యారావు చూడనట్టుగా ఆమె పుస్తకంలోకి చూశాడు. 23.25, 23.35, 23.30, 23.20, 23.30.

"ఏటమ్మా ఇది? సంతలో వంకాయల్లాగ ఒక్కోటీ ఒక్కో సైజు."

"వచ్చింది వచ్చినట్టు రాస్తున్నాను అంకుల్."

"రాయి, రాయి. రాతకేటి లోటు."

భన్‌పురిలోని ఆ లేబొరేటరీకి చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి ఖనిజం పొడి వస్తుంది. అందులో ఇనుము ఎంత ఉందో చెప్పాలి. ఈమధ్య అంతటితో సరిపోవడం లేదు. చెప్పిన అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా పక్కన రాయాలని ఆడిటర్లు అంటున్నారు. అందుకని క్వాలిటీ మేనేజర్ గిరిధర్ పొద్దున్నే ఇద్దరికీ పదేసి ఫ్లాస్కులు ఇచ్చాడు. ఒకే ఖనిజం, ఒకే తూకం అన్నాడు. పది అంకెల మధ్య తేడాను బట్టి ఆ అటూ ఇటూ లెక్క కడతారు. వచ్చే వారం నుంచి ఇనుము రిపోర్టుల కింద ఒక్కరి సంతకమే ఉంటుందనీ, అది ఎవరిదో ఈ పది అంకెలు చూసి తేలుస్తాననీ చెప్పాడు.

పంతొమ్మిదేళ్లుగా ఆ సంతకం సూర్యారావుది.

తండ్రి బొబ్బిలి నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి రైల్వే గ్యాంగులో పనిచేశాడు. సూర్యారావు బీఎస్సీ రెండుసార్లు తప్పి, ఇక్కడ సీసాలు కడగడానికి చేరాడు. అప్పటి కెమిస్టు చెన్నకేశవులు అతన్ని బ్యూరెట్ దగ్గర నిలబెట్టి పని నేర్పాడు. ఒకనాడు అందరి ముందూ, "ఎన్నిసార్లు చేసినా వీడి చేతికి రెండో అంకె రాదు" అన్నాడు. సూర్యారావు మోవాలోని ఇంటికి వెళ్లి ఆ మాట భార్య ఉమారాణికి చెప్పాడు. మర్నాడు మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత అతని గురించి ఎవరూ ఇంటికి మోసుకెళ్లదగ్గ మాట అనలేదు.

కీర్తన వచ్చాక ఏ ఫోను వచ్చినా గిరిధర్ "కీర్తనను అడగండి" అంటున్నాడు. ఆమె బ్యూరెట్‌కు ఇంత, త్రాసుకు ఇంత, గది వేడికి ఇంత అని అనుమానాన్ని ముక్కలు చేసి, కంప్యూటర్లో మళ్లీ కలుపుతుంది. గిరిధర్ ఆమె కోసం కుర్చీ జరిపిన రోజున సూర్యారావుకు అన్నం సహించలేదు. ఆమె టీ ఊదుకుని తాగడం కూడా అతనికి గిట్టదు.

ఏడో ఫ్లాస్కు 23.25 దగ్గరే తిరిగింది. ఇంకో చుక్క వదిలి, 23.30 రాశాడు.

ఎనిమిదోది ఇరవై రెండున్నర దాటగానే ఊదా అయిపోయింది. 22.60. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. 22.60. ఇది చుక్కతో సర్దే తేడా కాదు. తూకం తప్పయి ఉండాలనుకున్నాడు. పక్కన కీర్తన తన ఫ్లాస్కును కిటికీ వైపు ఎత్తి చూస్తోంది. ఆమెను అడగవచ్చు. అడిగితే తన చేతికి రెండో అంకె వచ్చిందని ఆమెకు తెలుస్తుంది.

23.30 రాసి, ఫ్లాస్కును వేస్టు డబ్బాలో వంపేశాడు.

భోజనాలయ్యాక గిరిధర్ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాడు.

"సూర్యారావుగారూ, ఎనిమిదోది వేరే ఖనిజం. ఇద్దరికీ నేనే మార్చి పెట్టాను. కీర్తనకు తగ్గింది, పక్కన ప్రశ్నగుర్తు కూడా పెట్టింది. మీకు పదీ ఒకటే."

సూర్యారావు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. వయసు కదా. కళ్లు. సబ్ కో హోతా హై, అందరికీ వచ్చేదే. సంతకం ఇక కీర్తన పెడుతుంది."

మూడు గంటలకు సింకు దగ్గర కీర్తన ఫ్లాస్కులు కడుగుతోంది. సూర్యారావు వెనక నిలబడ్డాడు.

"నీకు ముందే సెప్పీసాడు గదా?"

"లేదు అంకుల్, ప్రభువు తోడు. తప్పు చేశాననుకుని నాకు చెమట పట్టింది. మీకెంత వచ్చిందో అడుగుదామనుకున్నా. మీ మొహం చూసి అడగలేకపోయా."

సూర్యారావు కడిగిన ఫ్లాస్కొకటి తీసి బోర్లించాడు.

"నాకూ ఇరవై రెండు పాయింట్ ఆరే."

ఆమె కుళాయి కట్టేసింది. "మరి సార్‌కి చెప్పండి. నేనూ వస్తా, చలియే, పదండి."

"సెప్తే దొంగ రాత రాసేనని తెలుస్తాది. కళ్లు పోయాయని అనుకుంటన్నాడు. అనుకోనీ."

ఐదింటికి అతను కంటిచూపు బాగాలేక పని మానేస్తున్నానని హిందీలో రెండు వాక్యాలు రాసి, గిరిధర్ బల్ల మీద పెట్టాడు. గ్లాసు, చెంచా, తువ్వాలు సంచిలో వేసుకున్నాడు. కీర్తన గేటు దాకా వచ్చింది.

"రేపు వస్తారు కదా అంకుల్?"

"రెండు బల్లలూ నీవే. బస్, మురిసిపో" అని స్కూటర్ తీశాడు. లారీల వెనక కాసేపు కనిపించి, కనిపించకుండా పోయాడు.

అతని బ్యూరెట్ వెనక, గీత తేటగా కనబడటానికి నిలబెట్టుకునే శుభలేఖ అట్టముక్క ఉండిపోయింది. కింది సగానికి నల్ల సిరా పూసి ఉంది, బొటనవేలు పట్టే చోట ఆ సిరా పోయి తెల్లబడింది.