మంజు ఫైలు మీది ఇల్లు

ఫీజీ దీవుల్లోని నవాకాలో చెరుకు తోటల మధ్య ఉన్న బడికి రోజూ అందరికంటే ముందు వచ్చేది కుసుమ్. ఆఫీసు తలుపు తీసి, కిటికీ గాజు పలకలు ఒక్కొక్కటే తిప్పి, కాల్చిన చెరుకు మసి బల్లల మీద పడి ఉంటే తడిగుడ్డతో తుడిచేది. టీచర్ల హాజరు పుస్తకం తెరిచి పెట్టేది. అవన్నీ అయ్యాకే కంప్యూటర్ మీద కప్పిన పూల గుడ్డ తీసేది. ఆస్ట్రేలియాలో ఏదో బడి వాడి పక్కన పడేసిన మెషీన్ అది. తొంభై ఎనిమిదిలో ఓడలో వచ్చింది. హెడ్‌మాస్టర్ రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, "కుసుమ్, ఇక దీన్ని నువ్వే చూసుకో" అని చేతులు దులుపుకున్నాడు.

బడిలో నూట నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరి వివరాలు ఒక్కో ఫైలులో టైపు చేసి పెట్టింది. తెర మీద అన్నింటికీ ఒకటే తెల్ల కాగితం బొమ్మ. కింద పేర్లు చీమల్లా ఉండేవి. కుసుమ్ చూపు అంతంత మాత్రం. ఒకసారి మౌస్ కుడి మీట నొక్కి అదీ ఇదీ వెతుకుతుంటే బొమ్మ మార్చుకునే చోటు కనిపించింది. టెలిఫోను, తాళంచెవి, చెట్టు, భూగోళం. ఆ బొమ్మలు ఒకటో క్లాసుకే అయిపోయాయి. మిగతా పిల్లలకి తనే గీయడం మొదలుపెట్టింది. అడ్డంగా ముప్పై రెండు గళ్లు, నిలువుగా ముప్పై రెండు. చిన్నప్పుడు నాగమ్మ అవ్వ చేయి పట్టి ముగ్గులు వేయించింది కాబట్టి గళ్లు నింపడం ఆమెకి కష్టమనిపించలేదు.

పోతయ్య కొడుకు ఎప్పుడూ ఆకాశంలోకి చూస్తుండేవాడని వాడి ఫైలుకి విమానం పెట్టింది. నెల తిరిగేసరికి వాడు చేతులు చాచి తప్ప నడవడం మానేశాడు. పెద్దయ్యాక నాందీ ఎయిర్‌పోర్టులో పనికి కుదిరాడు. సత్యేంద్ర అనే పిల్లాడికి డోలు పెడితే, వాడి గుండె చప్పుడు రెండు బెంచీల అవతలికి వినపడేది. టీచరు వాడిని కిటికీ పక్కకి మార్చింది, అంతే. పిల్లలు తమ బొమ్మల్లాగే ఎదుగుతారన్న సంగతి నవాకాలో అందరికీ తెలుసు. బడిలో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు పుట్టిన తేదీ చెప్పాక బొమ్మ సంగతి ఎత్తేవారు.

"మావాడికి ట్రాక్టర్ పెట్టు దీదీ. పోయినసారి వాళ్ల అన్నకి కుర్చీ పెట్టావు. వాడు కూర్చుంటే లేవడు" అని ఒక తండ్రి నవ్వుతూనే గట్టిగా చెప్పి వెళ్లాడు.

కుసుమ్ ఎవరడిగింది వాళ్లకి గీసి పెట్టేది. ఒక్క మంజు విషయంలోనే అలా చేయలేదు.

మంజు ఆమె చెల్లెలు కామిని కూతురు. ఆ పిల్లకి నాలుగేళ్లప్పుడు పెద్ద తుఫాను వచ్చి నది పొంగింది. "గంటలో వచ్చేస్తా అక్కా, పిల్లని చూస్తుండు" అని కామిని మందుల కోసం టౌనుకి బయల్దేరింది. వంతెన దగ్గర ఎవరిదో లారీ ఎక్కిందని చూసినవాళ్లు చెప్పారు. మూడో రోజున లారీ మడ చెట్ల మధ్య దొరికింది. కామిని దొరకలేదు. మంజు తండ్రి ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్లి చేసుకుని వేరే ద్వీపానికి వెళ్లిపోయాడు. పెళ్లి చేసుకోని కుసుమ్‌కి చెల్లెలి కూతురు మిగిలింది. అవ్వ పోయాక ఆ ఇంట్లో తెలుగు మాట్లాడుకునేది ఆ ఇద్దరే. గేటు దాటితే హిందీ. అప్పటినుంచి మంజు దుకాణానికి వెళ్లి రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, కుసుమ్ చేతిలో పిండి కడుక్కోకుండానే కంచె దగ్గరికి పరిగెత్తేది.

నాలుగో క్లాసు పిల్లలకి బొమ్మలు పెడుతున్న రోజుల్లో మంజు ఆఫీసులోకి వచ్చి కుర్చీ చేతిమీద కూర్చుంది.

"పెద్దమ్మా, నాకు పడవ గియ్యి."

"చూద్దాంలే, క్లాసుకి పో."

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కకి జరిపి కుసుమ్ గళ్లు నింపడానికి కూర్చుంది. పడవ గీయాలని మొదలుపెడితే నీళ్లు గీయాల్సి వచ్చింది. నీలం రంగు మీదికి చేయి పోలేదు. మొత్తం చెరిపేసి ఇల్లు గీసింది. ఎర్ర రేకుల కప్పు, రెండు కిటికీలు, మూసిన తలుపు. మూడు రోజులు గీసింది. అంత పొందికైన బొమ్మ ఆమె ఇంకెవరికీ గీయలేదు. మంజు ఫైలు మీద దాన్ని పెట్టి, ఎన్నాళ్లకో ఆ సాయంత్రం స్థిమితంగా అన్నం తింది.

మంజు ఇల్లులా పెరిగింది. చుట్టుపక్కల పసిపిల్లలు ఎవరి ఒళ్లో ఏడ్చినా ఆమె ఒళ్లో నిద్రపోయేవారు. ఆమె కూర్చున్న కుర్చీ కింద కోళ్లు గుడ్లు పెట్టేవి. సాయంత్రమైతే ఒంట్లోంచి పసుపురంగు వెలుగు సన్నగా వచ్చేది, ఆ వెలుగులో పక్కింటి రంగమ్మ బియ్యం ఏరుకునేది. "పిల్ల అంటే ఇట్లా ఉండాలి. కళ్లముందే ఉంటుంది" అని రంగమ్మ మెచ్చుకుంటే కుసుమ్ పొంగిపోయేది.

పద్దెనిమిదేళ్లకి మంజుకి రాజధాని సువాలో నర్సు చదువుకి సీటు వచ్చింది. ఆమె తనంతట తనే దరఖాస్తు పెట్టుకుందని ఉత్తరం వచ్చేదాకా కుసుమ్‌కి తెలియదు. కాదనడానికి నోరు రాలేదు. కొత్త బట్టలు కుట్టించి, పచ్చడి సీసా కట్టిచ్చి, నాందీ బస్టాండులో ఎక్కించింది. టౌను దాటేదాకా బస్సు బాగానే వెళ్లింది. సింగటోకా దారిలో మొదటి ఎత్తు దగ్గర వెనక చక్రాలు తారులోకి దిగబడ్డాయి. డ్రైవర్ ఓం ప్రకాష్ కిందికి దిగి చక్రాలు చూశాడు, మళ్లీ ఎక్కి సీట్లన్నీ చూసుకుంటూ వచ్చి మంజు దగ్గర ఆగాడు.

"నువ్వు నవాకా బడి పిల్లవి కదూ? ఏం బొమ్మ నీది?"

"ఇల్లు."

"ఇంటిని ఎక్కించుకుని కొండెక్కాలంటే నా బండి వల్ల కాదు బేటీ" అన్నాడు ఆయన జాలిగా. పెట్టె తనే దించి, ఎదురొచ్చే బస్సు ఆపి ఎక్కించాడు.

మధ్యాహ్నానికల్లా మంజు గేటు తీసుకుని లోపలికి వచ్చింది. పచ్చడి సీసా అల్మారాలో పెట్టేసి, చీపురు అందుకుంది. కుసుమ్ ఆమెని చూడలేక వంటింట్లోకి వెళ్లి నిలబడింది. సోమవారం బొమ్మ మార్చేయాలి అనుకుంది.

సోమవారం మార్చబోయింది కూడా. బాణం గుర్తుని ఆ ఇంటి మీద పెట్టి, మౌస్ కుడి మీట నొక్కింది. మార్చమంటావా అన్నట్టు పట్టీ తెరుచుకుంది. ఆ క్షణంలో, సాయంత్రం తను వెళ్లి తాళం తీసుకోవాల్సిన ఇల్లు కళ్లముందు మెదిలింది. పొయ్యి చల్లగా ఉంటుంది. తెలుగులో ఒక్క మాటకి బదులు పలికేవాళ్లుండరు. సీటు ఎలాగూ ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారులే అని తనకి తనే చెప్పుకుని పట్టీ మూసేసింది.

ఆ తర్వాత జై వచ్చాడు. దూరాన ఇంకో ద్వీపంలో, డ్రెకేటిలో వరి పండించే కుటుంబం వాళ్లది. రేకులు అమ్మే కొట్లో పని మీద నాందీలో ఉండేవాడు. శనివారాలు వచ్చి వరండాలో కూర్చునేవాడు. మంజుకి నవ్వు వస్తే ఆమె కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నట్టు వీధిలోకి గాలి వీచేదని రంగమ్మ చెప్పేది. తండ్రికి జబ్బు చేసి జై ఊరికి తిరిగి వెళ్లాల్సి వచ్చినప్పుడు సూటిగా కుసుమ్ దగ్గరికే వచ్చాడు.

"ఆంటీ, ఆమె కదలలేదని తెలుసు. మీరు బొమ్మ మారిస్తే కదులుతుంది. నేను పొలం వదిలి రాలేను."

"మారుస్తాను బాబూ. కొంచెం ఆగు" అంది కుసుమ్.

జై మూడేళ్లు ఆగాడు. ఆ మూడేళ్లలో కుసుమ్‌కి మొదట పరీక్షలు అడ్డొచ్చాయి, తర్వాత ఇన్‌స్పెక్షన్, ఆ పైన టౌనుని ముంచిన వరదలు. వరద తర్వాత బడికి కొత్త కంప్యూటర్లు ఇచ్చారు. పాతది బురద తుడిచి గోడౌన్‌లో పెట్టారు. ఇంక దాన్ని ఎవరు తీస్తారు అనుకుంది. జై పెళ్లి శుభలేఖ మంజు పేరు మీదే వచ్చింది. ఆమె అది చదివి, మడిచి, టీ పెట్టడానికి వెళ్లింది. ఆ రోజంతా ఆమె దగ్గరికి వచ్చిన పిల్లలు నిద్రపోకుండా తిరిగి వెళ్లారు.

అరవై ఏళ్లకి కుసుమ్ పనిలోంచి దిగిపోయింది. బడిలో హారం వేసి, కేకు కోయించి పంపారు. మర్నాటినుంచి ఇద్దరూ పగలంతా ఇంట్లోనే. అప్పుడు మొదటిసారి ఆమె మంజుని పగటి వెలుగులో తీరిగ్గా చూసింది. ముప్పై ఒక్క ఏళ్లు. చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు. మోచేతుల మీద చర్మం పాత గోడ సున్నంలా పొట్టు లేస్తోంది.

ఒక మధ్యాహ్నం టౌనులో బస్సు కోసం నిలబడ్డారు. కుసుమ్ మాత్రలు కొనడానికి రోడ్డు దాటింది. ఇంతలో వాన కుమ్మరించింది. మందుల కొట్టు గుమ్మంలోంచి చూస్తే, అవతల ఏడెనిమిది మంది మంజుని ఆనుకుని నిలబడి ఉన్నారు. కూరల బుట్టతో ఒక ఫీజీ ముసలమ్మ, చంకన పిల్లతో ఒక తల్లి, యూనిఫారంలో ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లమీద ఒక్క చినుకు పడటం లేదు. మధ్యలో మంజు నెత్తిమీంచి నీళ్లు ధారకట్టి కారుతున్నాయి. కళ్లు మూసుకుని, కదలకుండా నిలబడింది. వాన వెలిశాక "వినాకా" అని ముసలమ్మ థాంక్స్ చెప్పి వెళ్లింది. మిగతావాళ్లు అదీ చెప్పలేదు.

కుసుమ్ మాత్రలు తీసుకోవడం మర్చిపోయి వచ్చేసింది.

మర్నాడే బడికి వెళ్లి గోడౌన్ తీయించింది. "దాన్ని పారేద్దామనే అనుకుంటున్నాం, తీసుకుపోండి" అన్నాడు కొత్త హెడ్‌మాస్టర్. పోతయ్య తన వ్యానులో తెచ్చి ముందు గదిలో బల్ల మీద దించి వెళ్లాడు. రెండుసార్లు మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి దగ్గినట్టు చప్పుడు చేసి వెలిగింది. నాలుగో క్లాసు తెరిస్తే విమానం, డోలు, గొడుగు, మేక. వాటి మధ్య ఎర్ర కప్పు ఇల్లు, చెక్కుచెదరకుండా.

"మంజూ, ఇట్రామ్మా."

మంజు చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. కుసుమ్ తల తిప్పలేదు. తెరవైపే చూస్తూ చెప్పింది.

"నేను కావాలనే ఇల్లు పెట్టాను. నీ బస్సు ఆగిపోయాక మార్చొచ్చు. మార్చలేదు. జై అడిగినప్పుడు మారుస్తానన్నాను. అప్పుడూ మార్చలేదు."

"తెలుసు పెద్దమ్మా."

"ఎప్పటినుంచి?"

"నువ్వు పెట్టిన వారానికే. నువ్వు గంట కొట్టడానికి వెళ్లినప్పుడు వచ్చి చూశాను."

"మరి అడగలేదేమే? నన్ను తిట్టలేదేం?"

"అడిగితే ఏడుస్తావనుకున్నాను" అంది మంజు. "తర్వాత్తర్వాత నువ్వే తీసేస్తావేమోనని చూశాను. చాలా ఏళ్లు చూశాను. ఆ తర్వాత చూడ్డం మానేశాను."

కోపంగా అని ఉంటే కుసుమ్ ఓర్చుకునేది. మంజు కూరలోకి ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పింది.

"ఇప్పుడు పడవ గీయనా? నీళ్లతో సహా గీస్తాను."

మంజు కుర్చీ వీపు మీద చేయి వేసింది. "పడవ అడిగింది తొమ్మిదేళ్ల పిల్ల, పెద్దమ్మా. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?"

"మరి ఏం పెట్టమంటావు? పక్షి? రోడ్డు? ఏదైనా చెప్పు తల్లీ."

"ఏదీ వద్దు. ఎవరూ గీయకుండా ఉంటే ఎలా ఉంటానో చూస్తాను."

కుసుమ్ ఆ ఇంటి మీద బాణం పెట్టి చెరిపేసే మీట నొక్కింది. నిజంగానే తీసేయమంటావా అని మెషీన్ అడిగింది. అవునని నొక్కింది. ఇల్లు ఉన్న చోట ఖాళీ మిగిలింది.

వెనక మంజు ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. కుర్చీ కింద పడుకున్న కోడి లేచి, రెక్కలు దులుపుకుని, పెరట్లోకి వెళ్లిపోయింది. మంజు ఒక అడుగు వేసి, ఇంకో అడుగు వేసి, కొత్త చెప్పులు వేసుకున్నదానిలా కిందికి చూసుకుంది. పడిపోతుందేమోనని కుసుమ్ చేయి చాచింది. మంజు పట్టుకోలేదు.

పది రోజులకి ఆమె సువా బస్సెక్కింది. ముసలివాళ్లనీ జబ్బుమనుషుల్నీ చూసుకునే పని నేర్పే చోట ఆరునెలల చదువు అది. వయసు దాటినవాళ్లని తీసుకునేది అదొక్కటే. ఈసారి డ్రైవర్ ఎవరో కుర్రవాడు, ఆమెవైపు చూడనైనా చూడలేదు. ఎత్తు దగ్గర బస్సు వేగం తగ్గను కూడా లేదని మంజు ఫోనులో చెప్పింది.

కుసుమ్ ఇంట్లో ఒక్కతే మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంది. రంగమ్మ వచ్చి హిందీలో పలకరిస్తే తెలుగులో బదులిచ్చి, నాలుక కరుచుకునేది. ఆదివారాలు మాత్రం ఫోను ముందే కూర్చునేది.

మూడో ఆదివారం మంజు గొంతు కొంచెం హుషారుగా ఉంది. క్లాసులో అందరికంటే తనే పెద్దదట. పక్క సీటు పిల్ల తవువా నుంచి వచ్చిందట, పేరు విమ్లా, పద్దెనిమిది నిండి నెలైందట.

"బాగా మాట్లాడుతుందా నీతో?"

"నోరు మూస్తే కదా. నిన్న ఒక మాట అడిగింది పెద్దమ్మా. దీదీ, నీకు పని ఇంత బాగా వచ్చు కదా, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు అని."

కుసుమ్ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "ఏం చెప్పావు?"

అవతల ఎవరో నవ్వుతున్నారు, దూరంగా బస్సు హారన్ మోగింది.

"ఇంట్లో ఉన్నానని చెప్పాను" అంది.